తోక మిగిలిన చేప

బిర్యానీ గిన్నె మాడితే తోమేది ప్రణీతే. ఇంట్లో డిష్‌వాషర్ లేదా అంటే, ఉంది. అందులో అత్తగారు బాలమణి పప్పుల డబ్బాలు సర్దుకుంది. "మిషిన్ల ఏస్తే జిడ్డు పోతదా? చేత్తోని తోమితేనే సక్కగుంటది," అంటుందావిడ. ఆ చెయ్యి ఎవరిదో చెప్పనక్కర్లేదు. పొద్దంతా ఆఫీసులో చేసి, బస్సు దిగి ఇల్లు చేరాక కూడా అదే చెయ్యి.

బర్మింగ్‌హామ్‌లో ఆమెకంటూ మిగిలింది శనివారం ఉదయమొక్కటే. లైబ్రరీలో మిసెస్ లిన్ నేర్పే చైనా పట్టు కుట్టుకు వెళ్తుంది. పట్టుదారాన్ని చీల్చి, మళ్ళీ చీల్చి, వెంట్రుకకన్నా సన్నటి పోగు తీసి బంగారు చేపను కుడుతోంది. వచ్చే శనివారమే ప్రదర్శన. చేప ఒళ్ళంతా అయింది, తోక మిగిలింది. నీళ్ళలో కదులుతున్నట్టుండాలి కనుక తోకకు మరీ సన్నటి పోగు కావాలి. అదేమో ఆమె వేళ్ళ గరుకుకు తగులుకుని నూగు లేచిపోతోంది.

మిసెస్ లిన్ ఆమె అరచెయ్యి తిప్పి చూసింది. "గరుకు చెయ్యి పట్టుకు పనికిరాదు. మా అమ్మ కుట్టే రోజుల్లో గిన్నెలు మా నాన్న తోమేవాడు."

"ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదా?"

"అనడానికేముంది? ఇంట్లో ఇంకా చేతులున్నాయి కదా."

ప్రణీతకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. పగిలిన చేతులకు ఇన్నేళ్ళూ క్రీములు కొన్నదే తప్ప ఈ మాట ఒక్కనాడూ తట్టలేదు. "గా కుట్లతోని ఏమొస్తది? ఉత్త టైంపాస్," అన్నాడు మొన్న భర్త లోకేష్, తిన్న ప్లేటు ఆమె చేతికిస్తూ. అప్పుడు రాని కోపం ఇప్పుడు వడ్డీతో సహా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం లోకేష్ స్నేహితులు తిని వెళ్ళారు. ప్రణీత డిష్‌వాషర్‌లోని డబ్బాలన్నీ తీసి బల్లమీద పెట్టి, ప్లేట్లు లోపల సర్దింది. మాడిన గిన్నె అందులో పట్టలేదు. దాన్ని సింకులోనే వదిలి, గరుకు తగ్గేలా చేతులకు క్రీము దట్టించి, నూలు గ్లవుజులు తొడుక్కుని కిటికీ దగ్గర చేప ముందు కూర్చుంది.

"గదేంది? గిన్నె ఎవలు తోముతరు?" అంది బాలమణి.

"ఇంట్ల ఇంకా చేతులున్నయి గద, అత్తమ్మా."

"శనివారం దాంకనేనా?" అన్నాడు లోకేష్, నవ్వబోయి.

"శనివారం తర్వాత గూడ."

లోకేష్ లేచి లోపలికి నడిచాడు. తర్వాత వంటింట్లో కుళాయి విప్పిన చప్పుడు.

"ప్రణీతా, స్క్రబ్బర్ యాడుంది?"

ఆమె చేప మీంచి చూపు తిప్పలేదు.

"దేవులాడుకోండ్రి."