ఊగని చీర

పెళ్ళిళ్ళ రోజుల్లో జాస్మిన్ వాళ్ళింట్లో పొద్దు మొదలయ్యేది గాలి కట్టడంతోనే. జాస్మిన్ వసారాలో కూర్చుని డ్రోన్ రెక్కలు తుడుచుకుంటూ ఉండేది. నాయనమ్మ వీరమ్మ టీ తాగి, గ్లాసు బోర్లించి, వాకిట్లోకి పోయి కొంగు చాపేది. వీస్తున్న గాలి వచ్చి కొంగులో పడగానే చెంగు మడిచి, గట్టిగా ముడేసి, బొడ్లో దోపుకునేది. ముడి ఉన్నంతసేపూ, ఆవిడ ఎక్కడుంటే అక్కడ, పొలిమేర దాకా ఆకు కదిలేది కాదు.

ఊళ్ళో ఇదేం కొత్త సంగతి కాదు. మినుములు తూర్పారబట్టుకునేవాళ్ళు పెరుగు తోడుకి వచ్చినట్టు వచ్చి, "వీరమ్మా, కాస్త గాలుంటే మా కల్లం దగ్గర విప్పవే" అని అడిగేవాళ్ళు. ఆవిడ వెళ్ళి విప్పి వచ్చేది. ముడి విప్పితే ఉన్న గాలంతా ఒక్కసారే పోతుంది, సగం ఉంచుకుని సగం వదలడం కుదరదు. అదొక్కటే చిక్కు.

గుంటూరులో స్టూడియో నడిపే సలీం జాస్మిన్‌కి పని ఇచ్చేది కూడా అందుకే. మిగతా వాళ్ళ డ్రోన్ వీడియో మలేరియా వచ్చినట్టు వణుకుతుంటే, జాస్మిన్ తీసింది కుదురుగా ఉండేది. అతను పెళ్ళివారికి ముందే చెప్పేసేవాడు. "డ్రోన్‌తో పాటు ఒక పెద్దావిడ వస్తారండి. ఆవిడకో కుర్చీ వేయించండి. పళ్ళు లేవు, బిర్యానీలో మెత్తటి ముక్కలు చూసి పెట్టించండి."

ఈ పనంటే పడనిది ఇంట్లో ఒక్క మనిషికే, తల్లి సంతోషకుమారికి. భర్త పోయినప్పటి నుంచి మిరప కోతలకు పోయి కూతుర్ని చదివించిన మనిషి. కూతురు పెళ్ళిళ్ళు లేని రోజున కూడా ఊరికే సరదాకి డ్రోన్ ఎగరేసి, పైనుంచి మిర్చి కల్లాలు చూసి మురిసిపోతుంటే ఆమెకి ఒళ్ళు మండేది.

"నేల మీద ఉన్నవాళ్ళకే దిక్కు లేదు, నీకు ఆకాశం కావాల్సొచ్చిందా? ఎగిరేదాన్ని నమ్ముకుని ఎవరు బాగుపడ్డారే?"

"నువ్వు నేలని నమ్ముకుని ఏం బాగుపడ్డావమ్మా? షుగర్ తెచ్చుకున్నావు" అనేది జాస్మిన్.

ఆ శుక్రవారం పొద్దున కూడా ఇదే గొడవ. సంతోషకుమారి షుగర్ మాత్ర మింగి, కోతల ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

జాస్మిన్ నాయనమ్మతో పోయి చిలకలూరిపేటలో పెళ్ళికి ముందు తీసే షూటింగ్ ఒకటి ముగించి, అక్కడే ముడి విప్పించి సాయంత్రానికి ఇల్లు చేరింది. అన్నం పెట్టుకుందామని వంటింట్లోకి పోతే బియ్యం డబ్బా వెనకాల తల్లి క్యారేజీ కనబడింది. మూత తీసి చూసింది. పొద్దున కట్టిన అన్నం కట్టినట్టే ఉంది. మరిచిపోయి వెళ్ళిన క్యారేజీ గడప దగ్గర ఉంటుంది గానీ డబ్బా వెనకాల ఎందుకుంటుంది? అప్పుడు వెలిగింది ఆమెకి. ఇవి ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు, ఇవాళ శుక్రవారం. షుగర్ ఉన్నవాళ్ళు ఉపవాసాలు మానుకోండమ్మా, దేవుడేమీ అనుకోడు అని పాస్టరు గారు గుడిలో అందరి ముందూ చెప్పారు. అమ్మ ఆయన ఎదుట తలూపి, ఇక్కడ క్యారేజీ దాచిపెట్టి పోయింది. మాత్ర మాత్రం వేసుకుంది.

ఖాళీ కడుపు మీద మాత్ర పడితే షుగర్ పడిపోతుంది. జాస్మిన్ తల్లికి ఫోన్ చేస్తే అది వంటింట్లోనే, ఛార్జింగు దగ్గర మోగింది.

అప్పుడే కోతల ఆటో వచ్చి వీధిలో ఆగింది. ముఠా మేస్త్రి వెంకటరావమ్మ దిగింది. ఆడవాళ్ళందరూ కారం ఘాటుకి తుమ్ముతూ దిగారు. సంతోషకుమారి లేదు.

"పిన్నీ, మా అమ్మేది?"

"వెనకాటోలో వస్తందిగా. పక్కకి పోయొస్తానని కంచె వైపు పోయింది, ఆ ఆటో ఎక్కుద్దిలే అని మేం బయల్దేరాం."

వెనక ఆటో వచ్చింది. అందులోవాళ్ళు దిగి, వీళ్ళ మొహాలు చూసి, "అదేంటి, ముందు మీతో ఎక్కలేదా?" అన్నారు.

మేస్త్రి నెత్తి కొట్టుకుంది. జాస్మిన్ అప్పటికే డ్రోన్ సంచీ భుజాన వేసుకుని ఆటోలో కూర్చుంది. వీరమ్మ కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఎక్కేసింది.

వాళ్ళు ఆ రోజు కోత జరిగిన యలమంద చేను చేరేసరికి పడమట మబ్బు కాటుక పెట్టినట్టుంది. గాలిదుమారం రేగింది. రైతు యలమంద కల్లంలో ఎండబోసిన కాయల మీద పట్టాలు కప్పిస్తున్నాడు. ఏడాది కష్టమంతా ఆ కల్లంలో ఉంది. సంగతి వినగానే పట్టా కొస వదిలేశాడు.

"ఒరేయ్, కాయ సంగతి తర్వాత. మనిషి కనబడటం లేదంట. తలో వైపూ పోండ్రా!"

మనుషులు పిలుచుకుంటూ చేలల్లో పడ్డారు. కానీ చేను చిన్నది కాదు. మిరప నడుం దాకా పెరిగింది. పక్కన ఇంకా పీకని పత్తి మోళ్ళు, ఆ పక్కన మళ్ళీ మిరప, అలా వాగు దాకా. షుగర్ పడిపోయిన మనిషి ఎటు నడుస్తుందో తనకే తెలియదు. కేకేస్తే పలకదు. చీకటి పడేలోగా, వాన పడేలోగా దొరక్కపోతే ఇక దొరికి ప్రయోజనం ఉండదని జాస్మిన్‌కి తెలుసు. గబగబా డ్రోన్ రెక్కలు విప్పింది.

"ఈ గాలికి లేవదు నాయనమ్మా."

వీరమ్మ గట్టెక్కి కొంగు చాపింది. ఆవిడ తన జన్మలో ఎన్నడూ అంత గాలి కట్టలేదు. కొంగు ఉబ్బి ఆవిడని రెండడుగులు ఈడ్చుకుపోయింది. మేస్త్రి వచ్చి నడుం పట్టుకుంది. ముడి పడింది. దుమ్ము ఉన్నచోటే రాలింది. మబ్బు వాగు మీద కదలకుండా నిలబడిపోయింది.

డ్రోన్ లేచింది. జాస్మిన్ రిమోట్‌కి బిగించిన ఫోన్ తెరలోకి తల దూర్చింది.

తెర నిండా చీరలే.

అడవిపందులు రాకుండా ఆ చుట్టుపక్కల రైతులందరూ చేల చుట్టూ పాత చీరలు కడతారు. గుంజ నుంచి గుంజకి, పచ్చవీ, నీలంవీ, ఎర్రవీ, వెలిసిపోయి ఏ రంగో చెప్పలేనివీ. కొన్ని బిగిసి ఉంటాయి, కొన్ని ముడి జారి నేల మీద కుప్పగా పడి ఉంటాయి. గాలి లేదు కాబట్టి అన్నీ ఒక్కలాగే చచ్చినట్టు పడి ఉన్నాయి. పొద్దున గొడవలో అమ్మ ఏ చీర కట్టుకుందో జాస్మిన్ చూడలేదు, మేస్త్రికీ గుర్తు లేదు. వాటిల్లో మనిషి కట్టుకున్న చీర ఏదో, కంచె కట్టుకున్న చీర ఏదో పైనుంచి ఎలా తెలుస్తుంది?

"అదుగో! ఆకుపచ్చది! పత్తి చేను మూల!" అని అరిచింది జాస్మిన్.

కుర్రాళ్ళు పరిగెత్తారు. గుంజ దగ్గర కుప్పపడిన ఆకుపచ్చ చీర ఎత్తి చూపించారు. అందులో మనిషి లేదు. అది సంతోషకుమారి చీరే. జాస్మిన్ పదో తరగతి పాసైనప్పుడు గుడికి కట్టుకెళ్ళింది. పాతబడ్డాక యలమంద అడిగితే కంచెకి ఇచ్చేసింది. ఇంకోసారి నీలం చీర చూసి అరిచింది. అదీ అమ్మదే, అదీ కంచెదే. తల్లి చీరలన్నీ ఆ చేను చుట్టూ ఉన్నాయి, తల్లి మాత్రం లేదు. జాస్మిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే తెర కనబడదని పళ్ళు కరుచుకుంది.

రిమోట్ కీచుమంది. బ్యాటరీ ఇరవైకి పడింది. రెండో బ్యాటరీ పొద్దున పెళ్ళివారికే అయిపోయింది.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు యలమంద.

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు. గట్టు మీద వీరమ్మ ముడిని రెండు చేతులా పట్టుకుని చెమటలు కక్కుతోంది. కొంగు పోగులు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు వింటూ ఉండగా జాస్మిన్‌కి తట్టింది. గాలి వస్తే కంచె చీరలన్నీ ఊగుతాయి. మనిషి బరువున్న చీర ఊగదు.

"నాయనమ్మా, విప్పెయ్."

"పిచ్చిదానా, ఇది పొద్దున కట్టిన పిల్లగాలి కాదే. విప్పితే నీ పిట్ట దక్కదు."

దక్కదని జాస్మిన్‌కీ తెలుసు. ఆ డ్రోన్ పోతే సలీం దగ్గర పని పోతుంది. సోమవారం నుంచి తనూ కోతల ఆటో ఎక్కాల్సిందే. గాలి వదిలితే ఆగిన మబ్బు కూడా వచ్చి మీద పడుతుంది, సగమే కప్పిన కల్లం తడిసిపోతుంది. ఆమె యలమంద వైపు చూసింది. అతను ఒక్కసారి వెనక్కి తిరిగి కల్లం చూసుకున్నాడు.

"విప్పు వీరమ్మా" అన్నాడు.

వీరమ్మ ముడి విప్పింది.

దుమారం చేల మీద పడింది. ఆ కొసన మొదలై ఈ కొస దాకా చీరలన్నీ ఒక్కసారిగా లేచాయి. నేల మీద కుప్పపడినవి కూడా గుంజలు పట్టుకుని ఎగిరాయి. తెర మీద పచ్చా నీలం ఎరుపూ కలిసిపోయి ఊగాయి. డ్రోన్ పక్కకి ఒరిగిపోయింది. రిమోట్ గోలగోలగా అరుస్తోంది. జాస్మిన్ బొటనవేళ్ళతో దాన్ని ఎదురుగాలికి అదిమిపట్టి వెతికింది.

వాగు గట్టు దగ్గర, చిట్టచివరి గుంజ కింద ఒక చీర ఊగలేదు. గోధుమరంగుది. పక్కనున్నవన్నీ కొట్టుకుంటుంటే దాని కొంగు కొస కూడా లేవలేదు.

"అమ్మ!"

చెప్పడానికి గుర్తేం లేదు. అన్నీ గుంజలే, అన్నీ చీరలే. వేలు పెట్టి చూపించేలోగా గాలి డ్రోన్‌ని ఎటో కొట్టుకుపోతుంది. జాస్మిన్ ఇంకేం ఆలోచించలేదు. దాన్ని ఆ చీర మీదికి తోలి, పట్టు వదలకుండా కిందికి దించేసింది. ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ అందరూ చూస్తుండగా మిరప చెట్లలోకి కూలింది. తెర నల్లబడింది.

"అక్కడే! అది పడిన చోటే!"

చినుకులు మొదలయ్యాయి. అందరికంటే ముందు జాస్మినే చేరింది. సంతోషకుమారి కంచెకి చేరగిలబడి ఉంది. ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. డ్రోన్ సంచీలో తల్లి కోసమని ఎప్పుడూ పెట్టుకునే పంచదార పొట్లం చింపి, జాస్మిన్ ఆమె చెంప లోపల రుద్దింది. మళ్ళీ రుద్దింది. యలమంద అంబులెన్సుకి ఫోన్ చేస్తూ తన తలగుడ్డ విప్పి ఆమెకి వాన తగలకుండా పట్టుకున్నాడు.

కాసేపటికి సంతోషకుమారి పెదాలు కదిలాయి.

"ఇంకా... పొద్దుగూకలేదుగా... ఉపాసం..."

"నీ ఉపాసం తగలెయ్య! నువ్వు పోతే నాకెవరున్నారే అమ్మా!" అని జాస్మిన్ తల్లిని పట్టుకుని భోరుమంది. సంతోషకుమారి చెయ్యి మెల్లగా లేచి కూతురి వీపు మీద పడింది.

ఆస్పత్రి నుంచి రెండో రోజుకి ఇంటికొచ్చారు. యలమంద కాయ కొంత తడిసి, రంగు పోయి తాలుగా మారింది. అతను ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. డ్రోన్ రెక్కలు విరిగి, కెమెరా పగిలిపోయింది. వీరమ్మ కొంగు పీలికలైపోయింది. వేరే చీర కట్టి చాపి చూసింది, కొత్త చీర కట్టి చూసింది. గాలి ఇటునుంచి అటు దూరిపోయింది తప్ప ముడికి అందలేదు. "నా పని అయిపోయిందే" అని ఆవిడ వసారాలో కూలబడింది.

సలీం సంగతి విని తన పాత డ్రోన్ పంపించాడు. వచ్చే ఆదివారం పెళ్ళి ఒప్పుకున్నాను, ఎలాగోలా చూడమ్మా అన్నాడు. జాస్మిన్ దాన్ని వాకిట్లో ఎగరేసి చూసింది. ఈదురుగాలికి అది తాగినవాడిలా తూలింది. ఇంక లాభం లేదని దించేయబోయింది.

సంతోషకుమారి అప్పుడే గిన్నెలు కడిగి బయటికొచ్చింది. ఆ గోధుమరంగు చీరే కట్టుకుంది. తడిచేతులు కొంగుకి తుడుచుకోబోయి ఆగింది. కొంగు బరువుగా ఉంది. ఏముందో చూద్దామని మడిచి పట్టుకుంది. వాకిట్లో దండెం మీది బట్టలు ఆగిపోయాయి. వేపచెట్టు ఆగిపోయింది. పైన డ్రోన్ గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది.

వీరమ్మ వసారాలోంచి తల కూడా ఎత్తలేదు. "ముడెయ్యి, చూస్తావేంటి" అంది. సంతోషకుమారి ముడేసింది.

ఆ శుక్రవారం తర్వాత నుంచీ మేస్త్రి వెంకటరావమ్మ ఆటో కదిలే ముందు అందరి పేర్లూ గట్టిగా పిలుస్తోంది. పలికాకే పోనిమ్మంటుంది. ఆ పెళ్ళి తర్వాతి సోమవారం పొద్దున కూడా అలాగే పిలుస్తూ పిలుస్తూ, అలవాటు కొద్దీ ఆ పేరూ పిలిచేసింది.

"సంతోషకుమారీ!"

ఆటోలో ఎవరూ పలకలేదు. మేస్త్రి నాలిక్కరుచుకుంది. అరుగు మీద జాస్మిన్ డ్రోన్ రెక్కలు తుడుస్తోంది. పక్కన, బొడ్లో ముడి దోపుకుని టీ తాగుతున్న సంతోషకుమారి గ్లాసు బోర్లించింది.

"ఉన్నానే! ఇక్కడున్నాను. మీరు పోండి."