ముప్పై సెకన్ల మొహాలు

నా పని మొహాలు చూడటం. నవ్వకండి, నిజంగానే అదొక పని.

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఉతికిన దుప్పట్లు పెట్టే గది పక్కన, కిటికీకి నీలం పరదా వేసిన చిన్న గది ఉంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి స్క్రీన్ ముందు కూర్చుంటాను. ఒకదాని వెనక ఒకటి పసిమొహాలు వస్తాయి. మొహం తప్ప ఇంకేమీ కనపడదు. చెయ్యి లేదు, కాలు లేదు, పేరు లేదు, చప్పుడు అసలే లేదు. ఒక్కొక్కటి ముప్పై సెకన్లు. అది మొదలయ్యే క్షణంలోనే, నాకు కనపడని చోట, ఆ బిడ్డ మడమలో రక్తపరీక్ష కోసం సూది దిగుతుంది. నుదురు ఎన్ని సెకన్లు ముడిపడింది, కళ్ళు ఎన్ని సెకన్లు బిగుసుకున్నాయి, ముక్కు పక్కన గీత ఎన్ని సెకన్లు లోతుగా ఉంది, ఈ మూడూ లెక్కపెట్టి కాగితం మీద వేస్తాను. మాటలు రానివాళ్ళ నొప్పిని కొలవడానికి మా దగ్గరున్న కొలబద్ద అదే.

పరిశోధన ఏమిటంటే, సూదికి రెండు నిమిషాల ముందు సగంమంది పిల్లల నాలుక మీద చక్కెర నీళ్ళ చుక్కలు వేస్తారు, సగంమందికి వాళ్ళ అమ్మ పాల చుక్కలే వేస్తారు. రెండిట్లో ఏది నొప్పిని ఎక్కువ తగ్గిస్తుందో తేల్చాలి. చుక్కలు వేసే గొట్టానికి వెండిరేకు చుట్టి ఉంటుంది కాబట్టి అందులో ఏముందో వేసే నర్సుకి తెలీదు, తల్లికి తెలీదు, నాకు అసలే తెలీదు. తెలిస్తే నా కన్ను ఒకవైపు మొగ్గుతుందని భయం. ఆ భయం న్యాయమైనదే. నా కన్ను సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండ పరదాలోంచి నీలంగా దిగుతుంటే ఆ గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. మొహాలు అడుగునుంచి మెల్లగా తేలి వస్తాయి, ముడుచుకుంటాయి, విప్పుకుంటాయి, వెళ్ళిపోతాయి. ఒక్కోసారి అన్నీ ఒకే బిడ్డేమో, మొహాలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తోందేమో అనిపిస్తుంది. ఒక్కోసారి వాళ్ళే నన్ను చూసి లెక్కలు వేస్తున్నట్టుంటుంది. బస్సులో ఎదురుసీటు బుర్రమీసాల పెద్దమనిషి నిద్రలో నుదురు చిట్లిస్తే చాలు, నా వేలు దానంతటదే ఒడిలో ఒకటీ రెండూ అని కదులుతుంది. మబ్బులో ముడత కనపడితే అదెప్పుడు విడుతుందా అని నిలబడిపోతాను. ఇంట్లో నాకు మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనీ.

మోకాళ్ళు మొరాయించకముందు నేను ఇదే ఆసుపత్రి పురిటి వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుని. ఎన్ని వేల మడమలు గుచ్చానో. చెయ్యి తేలికని నాకు పేరుండేది. "పసిగుడ్డుకి నొప్పేమిటమ్మా, ఆకలి తప్ప ఏమీ తెలీదు" అని తల్లులకి ఎంత ధీమాగా చెప్పేదాన్నో! మాకు అలాగే నేర్పారు. నేర్పినవాళ్ళకి ఎవరు నేర్పారో.

మా అమ్మాయీ ఇక్కడే పుట్టింది. మూడో రోజు దాని మడమ నేనే గుచ్చాను, ఇంకొకళ్ళ చేతిమీద నమ్మకం లేక. అది ఎడమ కనుబొమ్మ పక్కన ఒకే ఒక్క నిలువు మడత వేసుకుని, ముక్కు చిట్లించి, నావైపు గుర్రుగా చూసింది. నేను పగలబడి నవ్వి వార్డంతా పిలిచాను. "చూడండే, పుట్టి మూడు రోజులు కాలేదు, అప్పుడే ఎంత కోపమో!" ఆ రోజు పెట్టిన పేరు చిటపట. బళ్ళోనూ అదే పేరు, అత్తవారింట్లోనూ అదే, మొగుడు పిలిచేదీ అదే. పేరుకి తగ్గట్టే పెరిగింది కూడా.

ఆ చిటపటకి మొన్న ఆరు వారాలు ముందుగా పాప పుట్టింది. పాప గాజుపెట్టెలో ఉంది. పీల్చే ఓపిక లేదు, ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంతో పాలు పోస్తున్నారు. మా అమ్మాయి పరిశోధనకి సంతకం పెట్టింది, పాపకి ఆ సూదీ, ఆ చుక్కలూ అయిపోయాయి. మనవరాలు వార్డులో ఉన్నన్నాళ్ళూ కొత్త వీడియోలు నా దగ్గరికి రాకూడదని, నాకు పాతవే పంపాలని పరిశోధన నడిపే డాక్టరమ్మ ఏర్పాటు చేసింది.

అయిదో రోజు పొద్దున పాలు తీసే గదిలో దాని పక్కన కూర్చున్నాను. మిషన్ గురకపెడుతోంది. సీసాలో పట్టుమని చెంచాడు లేవు.

"అమ్మా, ఒక్కమాట చెప్పు. ఆ రోజు బుడ్డిదానికి వేసింది నా పాలేనా?"

"నాకు తెలీదే."

"నువ్వు పనిచేసేది అక్కడేగా?"

"అందుకే తెలీదు."

అది సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. "పొద్దుట్నుంచీ దీంతో కుస్తీ పడితే ఇవి. దాని కడుపుకి ఎలాగూ డబ్బాపాలే పోస్తున్నారు. కనీసం ఆ నొప్పికైనా నావి పనికొచ్చాయంటే పళ్ళబిగువున లాగిస్తాను. లేదంటే రేపే మిషన్ ఇచ్చేస్తాను. నావల్ల కాదు."

అది ఒకమాట అందంటే అన్నట్టే. పనికొచ్చాయని చెప్పెయ్యడం ఎంతసేపు? కానీ తెలియని సంగతి ధీమాగా చెప్పడం ముప్పై ఏళ్ళు చేసి వచ్చాను. లేచి పైకి వెళ్ళాను.

ఆ మధ్యాహ్నం పదకొండో మొహం తేలి వచ్చింది. సూది దిగినట్టుంది. ఎడమ కనుబొమ్మ పక్కన ఒకే ఒక్క నిలువు మడత పడింది.

ముందు చిటపట అనుకున్నాను, మూడు రోజుల చిటపట, ఇరవై తొమ్మిదేళ్ళు దాటి ఈ నీలం గదిలోకి వచ్చిందని. తర్వాత ముక్కులో గొట్టం చూసి మనవరాలని తెలిసింది. ఎవరో పొరపాటున పంపారు. బిడ్డని గుర్తుపడితే వెంటనే ఆపి చీటీ రాయాలని రూలు. ఆపలేదు. మూడుసార్లు చూశాను. నుదురు పదకొండు సెకన్లు. మూడుసార్లూ పదకొండే.

మూడోసారికి కనపడింది నాకు. కోపానికీ నొప్పికీ పసిమొహం మీద గీతలు వేరు. ఇన్ని వందల మొహాలు చూసినదాన్ని, ఆ తేడా నాకు నిద్రలోనూ తెలుసు. మూడు రోజుల చిటపటదీ ఇదే మడత, అది కోపం కాదు. ఏనాడూ కాదు. కళ్ళు తుడుచుకుని చీటీ రాశాను.

డాక్టరమ్మ చీటీ చదివి కళ్ళజోడు తీసింది. "మూడుసార్లు చూశారా?"

"చూశాను."

"మీకు తెలియంది కాదు కదండీ ఇది."

"తెలుసు. అందుకే చెప్తున్నాను."

ఆ వీడియో వేరే ఆయన లెక్కపెడతాడంది. "మీ అమ్మాయితో ఏమన్నా అన్నారా?"

"లేదు. అడుగుతోంది, అవి తన పాలేనా అని."

"నాకూ తెలీదు. ఎవరికేం వేశారో రాసిన కవర్లు పిల్లలందరివీ అయ్యాకే విప్పేది. నాలుగు నెలలు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కానీ పాప వంతు అయిపోయింది. ఇకమీదట ఏం వెయ్యాలో తల్లి ఇష్టం. రేపు పదింటికి కామెర్ల పరీక్షకి మళ్ళీ మడమ గుచ్చాలి. తన పాలు తననే వెయ్యమనండి" అంది.

మర్నాడు గాజుపెట్టె మూత తీశారు. మా అమ్మాయి చెంచాడు పాలలోంచి నాలుగు చుక్కలు పాప నాలుక మీద వేసింది. పాప చప్పరించింది. రెండు నిమిషాలు ఆగాం. నేను ఎదురుగా నిలబడ్డాను. ఇది ఎవరి కాగితం మీదకీ ఎక్కే లెక్క కాదు.

సూది దిగింది. చప్పుడుతో సహా చూడటం చాలా రోజుల తర్వాత అదే. నా వేలు పెట్టె అంచుమీద కదిలింది.

"నుదురు నాలుగు," అన్నాను. "కళ్ళు మూడు. ముక్కు పక్కన గీత పడలేదు."

"అంటే?"

"నొప్పి పుట్టింది. పుట్టలేదని చెప్పను. నాలుగు సెకన్లకి విప్పేసింది."

"నా పాలవల్లేనా?"

"ఒక్క బిడ్డతో ఏదీ తేలదే."

"నాకు ఉన్నది ఒక్క బిడ్డే," అంది అది. చిన్న సీసా మూత బిగించి, చీరకొంగుతో తుడిచి, జాగ్రత్తగా పక్కన పెట్టింది.

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది. "నీకు చిటపటని పేరెలా వచ్చిందో తెలుసుగా."

"పుట్టగానే కోపంగా చూశానని. వెయ్యిసార్లు చెప్పావు."

"అది కోపం కాదే. అప్పుడే నీ మడమ గుచ్చాను. నేనే. నాలుక మీద ఒక్క చుక్కయినా వెయ్యకుండా. నీకు నొప్పెట్టింది."

అది నావైపు చూసింది.

"నాకెన్ని సెకన్లమ్మా?"

"లెక్కపెట్టలేదు," అన్నాను. "నవ్వుతున్నాను అప్పుడు."

పాప నిద్రపోయింది. గాజుమూత వేసేశారు. మా అమ్మాయి ఎడమ కనుబొమ్మ పక్కన నిలువు మడత పడింది.

"ఆ మిషన్ సంచీ ఇటివ్వు," అంది. "ఒంటిగంటకి మళ్ళీ పాలు తియ్యాలి."

ఈసారి అది కోపమే. ఇప్పుడు నాకు తేడా తెలుసు.