గోడ మీది వేలిముద్ర

నర్సింహులపేటకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో బతుకమ్మ పండుగకు ముందు ఇళ్లకు సున్నం వేస్తారు. సత్తమ్మ కూడా వేస్తుంది. కానీ మంచం పక్క గోడ మీద అరచేయంత మేర సున్నం తగలనివ్వదు. అక్కడొక నీలి మరక ఉంది. చూసినవాళ్లు దిష్టికి పెట్టిన గుర్తు అనుకుంటారు. అది ఆమె భర్త దుర్గయ్య బొటనవేలి మరక.

వేలిముద్ర వేశాక సిరాను తలకో గోడకో తుడుచుకోవడం మనవాళ్లకు అలవాటే. పక్షవాతంతో పడిపోయిన దుర్గయ్యకు ఆపాటి సత్తువ కూడా లేదు. సత్తమ్మే ఆయన చేయి పట్టి కాగితం మీద ఒత్తించి, ఆ వేలును గోడకు తుడిచింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. దీక్షా శిబిరంలో ముందు వరుసలో కూర్చునే సదానందం ఒక కాగితాల కట్ట తెచ్చి సత్తమ్మ చేతికిచ్చాడు.

"ఢిల్లీకి పంపాలె అక్కా. తెలంగాణ కావాల్నని ఊరంత ఏలుముద్ర ఎయ్యాలె. నీ మాట ఎవ్వలు కాదనరు."

సత్తమ్మ సిరా డబ్బా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. తండాలో ముసలి రామి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రాసిందే గిండ్ల?"

"సదువొచ్చినట్టె అడుగుతున్నవు! గుద్దు, గుద్దు," అని సత్తమ్మ నవ్వింది. రామీ నవ్వి గుద్దింది.

దుర్గయ్య మాత్రం నవ్వలేదు. ఆమె ముఖంలోకి చూసి ఏదో అడగబోయాడు. మాట పెగల్లేదు. దప్పికేమో అనుకొని ఆమె నీళ్లు పట్టించింది.

ఆ వారమే ఎవరో తెల్లాయన కారులో వచ్చి, శిబిరంలో కూర్చొని ఫోటో దిగి వెళ్లాడు. మన ఉద్యమం దేశాలు దాటిందని ఊరు సంబరపడింది. ఆ చలికాలంలోనే దుర్గయ్య పోయాడు. ఊరి పక్క గుట్ట కింద మట్టి చేశారు.

ఏడాది తిరగకుండానే గుట్ట మీదికి రాయి తవ్వే యంత్రాలు వచ్చాయి. అడిగితే, ఊరంతా ఒప్పుకుందని అధికారులు చెప్పారు. ఎవరు ఒప్పుకున్నారో తెలియక ఊరివాళ్లు ఒకరినొకరు అనుమానించుకున్నారు. మందు పెట్టి పేల్చినప్పుడల్లా సత్తమ్మ ఇల్లు అదిరేది. ఒకరోజు గోడ పగిలింది. పగులు సరిగ్గా నీలి మరక మధ్యలోంచి పోయింది. తవ్వకం దుర్గయ్య సమాధి దాకా రావడానికి ఇక ఎన్నో రోజులు పట్టవు.

సాయంత్రాలు ఊరి ఆడవాళ్లకు చదువుకున్న పిల్ల కల్యాణి అక్షరాలు నేర్పేది. సత్తమ్మ అక్కడే అక్షరాలు దిద్దుకుంది. ఒకనాడు కల్యాణి పత్రిక పరిచి, "మన ఊరికొచ్చిన తెల్లాయనే అవ్వా! లండన్ పార్లమెంటు సభ్యుడంట," అంది.

గుట్టను తవ్వే కంపెనీ దగ్గర ఆయన జీతం తీసుకున్నాడని పత్రికలో ఉంది. ఆ సంగతి దాచి, ఈ ఊరి మిత్రుడినని చెప్పుకొని, కంపెనీకి సాయం చేయమని తమ మంత్రుల దగ్గర మాట్లాడాడు. సంగతి బయటపడి విచారణకు పిలిస్తే తలవంచుకొని నిలబడ్డాడు. పేదలే కోరుకున్నారని ఆయన అక్కడ చూపిన కాగితం ఫోటోను పత్రిక పెద్దదిగా వేసింది.

సత్తమ్మ వేలు పెట్టి పైవరుస కూడబలుక్కుంటూ చదివింది. "గు... ట్ట... త... వ్వ... డా... ని... కి..." ఆపైన "మా అందరి సమ్మతి" అని ఉంది. కింద నీలి చుక్కల మధ్య, కొడవలికి తెగిన గీతతో ఒక బొటనవేలి ముద్ర. ఆ గీతను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

ఆనాటి నుంచి మిట్టమధ్యాహ్నం కూడా ఆమె ఆ గోడవైపు చూడలేకపోయింది. దుర్గయ్యకు ఆనాడు దప్పిక కాలేదు. ఏం రాసిందని ఆయనా అడగబోయాడు. ఆ ప్రశ్న గోడలోనే ఉండిపోయి రోజూ తనను చూస్తున్నట్టు ఉండేది.

గ్రామసభ పెట్టిన రోజు సత్తమ్మ ఆ పత్రిక పట్టుకొని లేచింది. "సదానందం తమ్మీ, గిది తెలంగాణ కాయితమేనా?"

సదానందం ముఖం మాడింది. అయినా తగ్గలేదు. "నన్నెందుకు అడుగుతవ్? ఇల్లిల్లు తిరిగింది ఎవ్వలు? కదల్లేని మొగని ఏలు పట్టి గుద్దిచ్చింది ఎవ్వలు? చెప్పు!"

అందరూ సత్తమ్మ వైపు తిరిగారు. కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. గుట్ట మాత్రం మిగలదు.

"నేనే," అంది. "అందరిని మోసం చేసింది నా చెయ్యే. లండన్ల ఆయనను నిలవెట్టి అడిగెటోళ్లున్నరు. ఈడ అడిగెటోళ్లు మనమే. మొదలు నన్నే అడుగుండ్రి. ఎనుక గీయనను అడుగుండ్రి, ఎవ్వల తిండి తిని మన జెండ పట్టిండో."

ఎవరో తిట్టారు. ఎవరో ఏడ్చారు. ఆ సమ్మతి మోసంతో తీసుకున్నదని కల్యాణి అక్కడే కలెక్టరుకు అర్జీ రాసింది. వేలిముద్ర వేయడానికి అందరికన్నా ముందు రామి కర్ర ఊతతో వచ్చింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, సత్తమ్మ కళ్లలోకి చూసింది.

"ఏం రాసిందే గిండ్ల?"

ఈసారి సత్తమ్మ నవ్వలేదు. తప్పులు పోతూ, ఆగుతూ, చివరి అక్షరం దాకా చదివి వినిపించింది. అప్పుడే రామి వేలు ముంచింది.

చదువరులారా, రాజ్యం లండన్‌ది కానీ, ఢిల్లీది కానీ, రేపు వచ్చే మన సొంత రాష్ట్రానిది కానీ, ఏం రాశారు, ఎవరి కోసం రాశారు అని అడిగిన మనిషిని నవ్వి ఊరుకోబెట్టిన చోటే మోసం మొదలవుతుంది.