పాలపళ్ళ రాక్షసబల్లి

మ్యూజియంలో జనం తిరిగే హాళ్ళన్నీ ముందువైపు ఉంటాయి. వెనకవైపు మెట్లు దిగితే కిటికీలు తక్కువ, బల్లలు ఎక్కువ ఉన్న ఒక పొడవాటి గది ఉంటుంది. రాళ్ళలోంచి ఎముకల్ని బయటికి తీసేది అక్కడే. పెన్నంత పొడవున్న సూది ఒకటి గాలి ఒత్తిడికి జుయ్యిమని కొట్టుకుంటూ రాయిని రవ్వంత రవ్వంతగా పొడి చేస్తుంది, అందుకే ఆ గదిలో పొద్దస్తమానం అచ్చం పళ్ళ ఆసుపత్రి మోత! ఆ చప్పుడు వింటే ఎవరికైనా దవడ జివ్వుమంటుంది. పళ్ళపాపకి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

ఆ పేరు పెట్టింది ఉలి మావయ్య. ఆయన ఆమెకి ఏ వరసా కాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో రాళ్ళు ఒలుస్తున్నాడు కాబట్టి వచ్చినవాళ్ళందరికీ మావయ్యే. పళ్ళపాప ఇదివరకు పిన్ని పళ్ళ క్లినిక్‌లో అచ్చులు తీసి కట్టుడుపళ్ళు చేసేది. శిలాజాల పిచ్చి ముదిరి ముదిరి చివరికి ఇక్కడికొచ్చి పడింది. మూడు నెలలు పని చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో సరి. ఉంచుకోవాలని కాగితం మీద సంతకం పెట్టాల్సింది మేడం.

మేడం అంటే ఆ గదికి పెద్ద దిక్కు, శాస్త్రవేత్త. ఆవిడకీ అదే శుక్రవారం పెద్ద రోజు. మేకపిల్లంత ఉన్న ఓ కొత్త జాతి రాక్షసబల్లిని ఆ రోజే లోకానికి చూపించబోతోంది. గుడ్లగూబకున్నట్టు పెద్ద పెద్ద కళ్ళు, పొట్టి మూతి, ఇంతవరకూ ఎవరూ చూడని రకం! దానికి తన అమ్మ పేరు పెడుతోంది. అమ్మగారైతే అప్పుడే అపార్ట్‌మెంటంతా చాటింపు వేసేశారు. లిఫ్టులో ఎక్కిన కొరియర్ మనిషిని కూడా వదల్లేదట.

సోమవారం పొద్దున్న ఆ బుల్లి జంతువు దవడకి పళ్ళపాప ఆఖరి మెరుగులు దిద్దుతోంది. మైక్రోస్కోపు కింద దవడ పక్కన జుట్టంత సన్నని బీట కనిపించింది. బీటలో ఇరుక్కున్న మట్టిని సూదితో తీసింది. లోపల, పైనున్న పంటి వేరు కిందే, ఇంకో బుజ్జి పన్ను మొన నక్కి కూర్చుని ఉంది.

పళ్ళపాపకి ఒళ్ళు ఝల్లుమంది. ఇలాంటివి పిన్ని దగ్గర ఎక్స్‌రేల్లో ఎన్ని వందలు చూసింది! వెంటనే ఫొటో తీసి పిన్నికి పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"ఎవరి పిల్లాడే వీడు? పళ్ళు బొగ్గులా ఉన్నాయి! చాక్లెట్లు మాన్పించమను."

"పిల్లాడు కాదు పిన్నీ, రాక్షసబల్లి. కింద ఇంకో పన్ను కనిపిస్తోందా?"

"కనిపించకేం? పాలపన్ను ఊడబోతోంది, కింద అసలు పన్ను రెడీగా ఉంది. ఆరేళ్ళ పిల్లల నోట్లో రోజూ చూసేదేగా! ఉంటానమ్మా, కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు."

పాలపళ్ళు! అంటే ఇది పెరిగిన జంతువు కాదు, పిల్ల! పిల్లలకి ఎవరికైనా కళ్ళు పెద్దవి, మూతి పొట్టి. హాల్లో గేటు పక్కనే బస్సంత పొడుగు రాక్షసబల్లి ఒకటి నిలబడి ఉంది. పాతికేళ్ళ కిందటే దొరికింది, పేరూ ఊరూ అన్నీ ఉన్నాయి. ఇది దాని పిల్లే అయితే? అప్పుడిక కొత్త జాతీ లేదు, అమ్మగారి పేరూ లేదు, సంతకం పెట్టాల్సిన మేడంకి శుక్రవారమూ లేదు!

పళ్ళపాప చేతిలోని సూది కింద పెట్టేసింది. తిన్నగా ఉలి మావయ్య బల్ల దగ్గరికెళ్ళి చెవిలో ఊదింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకు ఇక్కడ ఉండాలనుందా, లేదా పాపా?"

"ఉండాలనే ఉంది మావయ్యా!"

"అయితే నోటికి తాళం వేసుకో. శుక్రవారం సంతకం అవనీ. శనివారం చెబుదువుగాని."

"అప్పటికి పేరు పెట్టేస్తారు కదా!"

"ఏడు కోట్ల ఏళ్ళు ఆగిన బల్లి నాలుగు రోజులు ఆగలేదా?"

బల్లి ఆగుతుందేమో, పళ్ళపాప ఆగలేకపోయింది. కాలుగాలిన పిల్లిలా గదంతా రెండుసార్లు తిరిగింది. నాలుగింటికి అందరూ టీ కప్పులతో పెద్ద బల్ల చుట్టూ చేరారు. మేడం ఆహ్వానాల జాబితా చదువుతోంది. పళ్ళపాప నోట్లోంచి మాట దూకేసింది.

"మేడం, అది పిల్ల! పాలపళ్ళు ఇంకా ఊడలేదు!"

ఉలి మావయ్య తన టీ కప్పులోకి అదేదో లోతైన బావి అన్నట్టు చూస్తున్నాడు. మేడం ఆమె చేతిలోంచి ఫొటో ఉన్న ఫోన్ తీసుకుంది, దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"మొసలికి పాలపళ్ళుంటాయా?"

"ఉండవా?"

"ఉండవమ్మా! మొసళ్ళకైనా, ఈ బల్లులకైనా బతికినంతకాలం పళ్ళు ఊడుతూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒక్కో జంతువు నోట్లో వందల పళ్ళు మారతాయి. హాల్లో ఉన్న ఆ పెద్దదాని దవడ తెరిచి చూసినా కింద ఇంకో పన్ను ఉంటుంది. నువ్వింకా మీ పిన్ని క్లినిక్ దాటి బయటికి రాలేదు!"

అందరూ ఘొల్లుమన్నారు. పళ్ళపాపకి తల తీసేసినంత పనైంది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. అయిపోయింది, ఇంకేం సంతకం! అయినా ఫొటోలోని ఆ దవడ మీంచి చూపు మళ్ళడం లేదు. ఎలాగూ మునిగాం, చలి ఎందుకనుకుంది.

"అయితే మేడం, పిల్లో పెద్దో మరి ఎలా తెలుస్తుంది?"

"కాలి ఎముక కోసి చూడాలి. చెట్టు మొద్దులో వలయాలు చూశావుగా, ఎముకలోనూ ఏడాదికి ఒకటి పడుతుంది. ఎన్ని వలయాలుంటే అన్నేళ్ళు."

"మరి కోశారా?"

మేడం నవ్వు ఆగిపోయింది. "లేదు. ఉన్నది ఒక్కటే కాలి ఎముక. కోస్తే ఆ ముక్క పొడైపోతుంది. దాని ఆకారం మళ్ళీ రాదు."

"ఆకారం నేను దాచిపెడతాను మేడం! అచ్చు తీసి ఇస్తాను. గీత కూడా పోదు. మనుషుల పళ్ళకి వెంట్రుకంత తేడా వస్తే వాళ్ళు మళ్ళీ తిరిగొచ్చి తిడతారు. ఇదైతే తిట్టదు కదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం మాత్రం నవ్వలేదు. చాలాసేపు ఆ ఫొటో వైపే చూసి, "రేపు సాయంత్రానికల్లా అచ్చు నా బల్ల మీద ఉండాలి" అని లేచి వెళ్ళిపోయింది.

మంగళవారం పళ్ళపాప తల ఎత్తితే ఒట్టు. ముందు ఎముకకి పల్చని జిగురు పూత వేసి ఆరనిచ్చింది, లేకపోతే రాయి రబ్బరుని పీల్చేసుకుంటుంది. పెట్టెలో సగం దాకా మట్టి పరిచి ఎముకని పడుకోబెట్టింది. మెత్తటి రబ్బరు ద్రవాన్ని సన్నటి దారంలా ఓ మూల నుంచి పోసింది. ఒక్కసారిగా పోస్తే గాలి బుడగలు నిలుస్తాయి, బుడగ నిలిస్తే అచ్చుకి మొటిమలొస్తాయి. ఉలి మావయ్య వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూశాడు.

"ముప్ఫై ఏళ్ళుగా నేను గబుక్కున పోసేస్తున్నానే!" అన్నాడు చివరికి.

"అందుకే మీ అచ్చులన్నిటికీ మశూచి మావయ్యా."

"నోరు చూడు దీనికి!"

సాయంత్రం, అచ్చులో పోసి రంగు వేసిన నకలుతో కలిపి, రెండు ఎముకలు మేడం బల్ల మీదున్నాయి, ఒకే రంగు, ఒకే గీతలు. మేడం భూతద్దంతో ఇటు చూసింది, అటు చూసింది. చివరికి రెండింటినీ చేతుల్లోకి తీసుకుని బరువు తూచి, తేలికగా ఉన్నదాన్ని కింద పెట్టింది. "బరువు లేకపోతే నేను మోసపోయేదాన్నే" అని గొణిగింది.

బుధవారం కోశారు. వజ్రపు రంపం నీళ్ళ ధారలో కీచుమంది. గోరంత ముక్కని గాజుపలక మీద అంటించి, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా ఉలి మావయ్యే అరగదీశాడు. మేడం మైక్రోస్కోపు మీద వంగింది. పళ్ళపాప రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వేళ్ళు నలుపుకుంటోంది.

ఒక నిమిషం. రెండు. గోడ గడియారం కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది.

"ఒక్కటీ లేదు" అంది మేడం, తల ఎత్తకుండానే.

"ఏం లేదు మేడం?"

"వలయం. ఒక్క వలయమూ లేదు. ఏడాది కూడా నిండలేదు దీనికి." లేచి కుర్చీలో కూలబడింది. "రెండేళ్ళ నుంచి పసిపిల్లకి పెళ్ళి చేస్తున్నాను!"

పళ్ళపాపకి ఎగిరి గంతెయ్యాలనీ ఉంది, బల్ల కింద దూరాలనీ ఉంది. మేడం ముఖం చూస్తే ఏడుస్తుందా అన్నట్టుంది. అంతలో ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోంది! కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వి, ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నీ పేరున్న జంతువు ఇక లేదమ్మా."

"అయ్యో! చచ్చిపోయిందా?"

"చచ్చి ఏడు కోట్ల ఏళ్ళయింది లే. అది కొత్త జాతి కాదమ్మా. పెద్ద కళ్ళూ పొట్టి మూతీ తప్ప మిగతాదంతా గేటు దగ్గరున్న పెద్దదాని పోలికే, దాని పిల్ల. ఏడాది కూడా లేదు."

ఉలి మావయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను పదమూడు ఫ్లాట్లకి చెప్పానే!"

"తెలుసమ్మా. నాదే పొరపాటు."

"సర్లే, వాళ్ళకి నేను చెప్పుకుంటాను. అంత పసిది... ఒక్కతే ఉందా ఆ రాళ్ళల్లో? తోడు ఎవరూ లేరూ?"

మేడం పళ్ళపాపని చూసింది. పళ్ళపాప అప్పటికే మూల బల్ల వైపు చూస్తోంది. దవడ దొరికిన బండలో మూడొంతులు ఇంకా ఒలవనే లేదు. కావలసిన తల దొరికేసింది కదా అని పక్కన పెట్టేశారు.

"అమ్మా, మళ్ళీ చేస్తాను" అని మేడం ఫోన్ పెట్టేసింది.

గురువారం ముగ్గురూ మూడు వైపుల నుంచి ఆ బండని ఒలవడానికి కూర్చున్నారు. జుయ్యిమని మూడు సూదుల మోత, ఒకరి మాట ఒకరికి వినబడదు, అందరి కనుబొమలూ తెల్లబడిపోయాయి. భోజనాల వేళ ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియదు. మూడింటికి పళ్ళపాప సూది టక్కున ఆపేసింది.

"మేడం!"

నల్లని చిన్న పళ్ళ వరస. కొలిచారు. మొదటి దవడకీ దీనికీ తేడా బియ్యపుగింజంత కూడా లేదు. ఒకే ఈడు పిల్లలు రెండు, పక్కపక్కనే!

మేడం గొంతు తగ్గించి, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది: "గుడ్డులోంచి రాగానే ఎవరి దారిన వాళ్ళు పోయారనుకున్నాం. ఇవేమో నెలలు గడిచినా కలిసే ఉన్నాయి. బహుశా ఒక గూటివే. రెండింటితో గట్టిగా చెప్పలేం గానీ..." ఆగింది. "రేపు నేను చెప్పబోయేది పేరు కంటే చాలా మంచి సంగతి. ముందు నా తప్పు చెప్పుకుంటాను, తర్వాత వీళ్ళని చూపిస్తాను."

తర్వాత చెయ్యి చాపింది. "నీ కాగితం ఏది?"

పళ్ళపాప దుమ్ము చేతులతోనే సంచీలోంచి తీసి ఇచ్చింది. మేడం ఆ బండ మీదే పెట్టి బరబరా రాసి, సంతకం చేసింది. అభిప్రాయం అన్నచోట ఇలా ఉంది: "చెప్పిన కారణం పూర్తిగా తప్పు. చెప్పిన జవాబు ఒప్పు. అచ్చులు అమోఘం. చెప్పకుండా ఆగలేదు, ఉంచుకోవాలి."

పళ్ళపాప రెండుసార్లు చదువుకుంది. "మేడం, ఇది పొగడ్తా, తిట్టా?"

"రెండూను. ఆ చివర నల్లగా ఏదో మెరుస్తోంది చూడు, మూడోదేమో. నీ సూది అందుకో."