ఐదో రూలు కింద ఉదాహరణ

మా లైబ్రరీలో ఉచిత వైఫై పెట్టినప్పటి నుంచి నాకు పుస్తకాల పని తగ్గి గొంతు చించుకునే పని పెరిగింది. పాస్‌వర్డులు పైకి చదవకండని ఒకరికి, బ్యాంకు పనులు ఇక్కడ పెట్టుకోకండని ఇంకొకరికి, పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా చెప్పిందే చెప్పాలి. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయనైతే బ్యాంకు నుంచి వచ్చిన నంబరును పది బల్లలకు వినపడేలా చదివి, "ఇది ఎవరికీ చెప్పకూడదటమ్మా" అని మళ్ళీ నాతోనే అంటాడు.

నా మాట చెవిన పెట్టనివాళ్ళలో మొదటివాడు మా నాన్న.

నాన్న నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాశాడు. ఇప్పుడంతా ప్రింటు బోర్డులే కాబట్టి ఖాళీ. రోజూ పదిన్నరకల్లా వచ్చి, వైఫై పెట్టె కింది కుర్చీలో కూర్చుని, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకుంటాడు. పాటలు వింటున్నాడని అందరూ అనుకుంటారు. ఆయన వినేది మా అమ్మని.

అమ్మ పోయి మూడేళ్ళయింది. నాన్న పని మీద ఉన్నప్పుడు ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు అరవై మూడు మిగిలాయి. గాలి వీస్తోంది, నిచ్చెన జాగ్రత్త. కళ్ళజోడు ఇక్కడే మర్చిపోయారు. ఎక్కింది చాలు, ఇక రండి. అన్నీ ఇలాంటివే. నాన్న ఫోను పాతది, అందులో చోటు లేక వాటన్నిటినీ అదే ఫోన్లో తెరిచి ఉన్న ఆయన మెయిల్‌ ఖాతాలోకి చేర్చి పెట్టింది నేనే. ఇంట్లో వినొచ్చు కదా అంటే, "ఇంట్లో వింటే ఏడుపొస్తుంది చిన్నీ, ఇక్కడైతే నలుగురుంటారు" అన్నాడు. అప్పుడప్పుడూ కళ్ళు తెరవకుండానే "అలాగేలే" అని పైకి అనేస్తాడు. పక్క కుర్చీవాళ్ళు ఉలిక్కిపడతారు.

పోయిన నెల పెద్దాఫీసు నుంచి వైఫై రూల్సు వచ్చాయి, మొత్తం ఏడు. కాగితం గోడకు అంటిస్తే ఒక్కరు చూస్తే ఒట్టు. వారం తిరిగేసరికి దాని మీద ఎవరో తమ కరెంటు మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకున్నారు. నా ఒళ్ళు మండింది. నాన్న మాత్రం ఆ కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఈ అక్షరాలు చూస్తే ఎవడికి చదవబుద్ధేస్తుంది? నేను రాస్తా" అన్నాడు.

నాలుగు రోజులు మెట్ల కింద కూర్చుని రాశాడు. పసుపు అంచు, నీలం అక్షరాలు. ఆ నాలుగు రోజులూ ఆయన ఇయర్‌ఫోన్లు జేబులోంచి తియ్యలేదు. బోర్డు తలుపు పైన ఎక్కించాక చూడాలి, జనం మెడలెత్తి మరీ చదివారు. వైఫై పేరు కౌంటర్లో అడిగి తెలుసుకున్నాకే కలపాలని మొదటి రూలు. లెక్కల మాస్టారు దాన్ని చదివి, అంతకు ముందు ఏడాదిగా కలుపుకుంటున్నదాని పేరు సరైనదో కాదో వచ్చి అడిగాడు.

నాలుగో రూలు, పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పవద్దు. ఐదోది, పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, మీకు గుర్తుండాలి, ఇంకొకరికి తట్టకూడదు. దాని పక్కన 'ఉదాహరణకు' అని చుక్కలు పెట్టి వదిలేశారు పెద్దాఫీసువాళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళు నింపుకోమని. నాన్న అక్కడ 'మెల్లగాదిగండి12మెట్లు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. బోర్డు ఎక్కించే ముందు రెండుసార్లు తప్పులు దిద్దింది నేనే. ఆ మాట చూసి, నాన్న సరదా అనుకుని నవ్వుకున్నాను కూడా.

బోర్డు మూలన, వాళ్ళ పనిలో అందరూ చేసినట్టే, చిన్న అక్షరాల్లో సంతకం పెట్టాడు. 'బోర్డుల బాబాయ్'. దాని కింద పూర్వం ఫోన్ నంబరు ఉండేది. ఈసారి వైఫై బోర్డు కదా అని మెయిల్ అడ్రసు రాశాడు.

మూడు వారాలకు, మధ్యాహ్నం పన్నెండింటప్పుడు, నాన్న ఫోను రెండు చేతుల్లో పట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"చిన్నీ, ఇదేదో అడుగుతోంది చూడు."

మీ ఖాతాను ఇప్పుడే ఇంకో ఫోన్లో తెరిచారు, అది మీరేనా అని ఉంది.

"నీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా నాన్నా?"

"ఎవరికి చెప్తాను? నాలుగో రూలు రాసిందే నేను."

"పోనీ, నాకు చెప్పు. ఏమిటది?"

నాన్న తలెత్తి బోర్డు వంక చూశాడు. నేనూ చూశాను.

"నీ అసలు పాస్‌వర్డ్ తీసుకెళ్ళి గోడకెక్కించావా?"

"ఉదాహరణ రాయమన్నారు కదమ్మా. లేనిదాన్ని ఎలా రాస్తాను? నలభై ఏళ్ళలో లేని కొట్టుకి ఒక్క బోర్డు రాయలేదు నేను."

"పైగా కింద నీ అడ్రసు!"

"సంతకం లేకుండా బోర్డు వదలడమేంటే?"

ఆయన్ని తిట్టే హక్కు నాకెక్కడిది? రెండుసార్లు చదివి దీర్ఘాలు దిద్దినదాన్ని నేను. మూడు వారాలు ఆ బోర్డు కిందనుంచే వచ్చీ పోయీ ఉన్నాను.

నాన్నను పాత పుస్తకాల గదిలోకి తీసుకెళ్ళి, ఆయన ఫోన్‌ని వైఫై నుంచి తప్పించి నా ఫోన్ డేటాకి కలిపాను. ఖాతా తెరుచుకునే లోపల ఆయన బీరువాను పట్టుకుని నిలబడ్డాడు.

"ఉన్నాయా?"

"ఉండు నాన్నా."

"అరవై మూడూ ఉన్నాయా?"

లెక్కపెట్టాను. ఉన్నాయి. నమ్మకం చాలక నాన్న తానే వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టుకుని, పుస్తకాల కట్ట మీద కూర్చున్నాడు. ఖాతాలోకి దూరినవాడెవడో ఇంకా వేటినీ ముట్టుకోలేదు. నేను పాస్‌వర్డ్ మార్చబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. అది మీ అమ్మ పెట్టింది."

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫోను కొన్న రోజు నాన్న పాస్‌వర్డ్ తోచక తల గోక్కుంటుంటే అమ్మ పక్కనుంచి ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. కొత్తలో ఆయన పని చేస్తుంటే నిచ్చెన కింద పట్టుకుని నిలబడేది అమ్మే. ఆ నిచ్చెనకు పన్నెండు మెట్లు. దిగేటప్పుడల్లా అదే మాట.

"అది తీసేసి ఇంకోటి పెట్టాలంటే నా వల్ల కాదే" అన్నాడు నాన్న.

"ఎవడో ఒక్క నొక్కు నొక్కి అమ్మ గొంతంతా చెరిపేస్తే అప్పుడేం చేస్తావ్? మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. అలా అరిచినందుకు నాకు సిగ్గేసింది. పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఆ గొంతు నాక్కూడా కావాలి నాన్నా. నీలాగా వినే ధైర్యం లేక వినట్లేదు, అంతే."

నాన్న జేబు తడుముకున్నాడు. ఇయర్‌ఫోన్లు తీసి ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాడు. మూడేళ్ళ తర్వాత అమ్మ నా చెవిలో మాట్లాడింది. కూతురు మీ మీద అలిగింది, వచ్చేటప్పుడు ఏదైనా తెండి అంటోంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి పది విన్నాం.

"ఇప్పుడు అటు తిరుగు" అన్నాడు నాన్న.

గోడ వైపు తిరిగాను. ఒంటి వేలితో టైపు చేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మిగతా ఫోన్లన్నిట్లో ఖాతా మూసేయమనే మీట ఎక్కడుందో చెప్పాను. అదీ నొక్కాడు.

"ఏం పెట్టావ్?"

"నాలుగో రూలు చదవలేదా? ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు."

ఆ పది మెసేజ్‌లలోని మాటే అయ్యుంటుందని నాకు తెలుసు. ఏ మాటో మాత్రం తెలియదు. తెలియకపోవడమే మంచిది.

గుడ్డా టర్పెంటైనూ తీసుకుని ఐదో రూలు దగ్గరి మాట తుడిచేద్దామని బయల్దేరితే నాన్న ఒప్పుకోలేదు. "ఇప్పుడు అది ఉత్త ఉదాహరణే కదా. ఉండనీ. అడ్రసు నేను తుడుస్తా" అని ఇంటికి వెళ్ళి తన నిచ్చెన తెచ్చుకున్నాడు. వద్దంటే వింటాడా? నేను కింద గట్టిగా పట్టుకున్నాను. జాగ్రత్తగా అడ్రసు ఒక్కటే తుడిచి, పేరు అలాగే ఉంచి, గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"మెల్లగా దిగు నాన్నా" అన్నాను.

పైమెట్టు మీదే కాసేపు ఆగిపోయాడు. కిందికి చూడలేదు.

"అలాగేలే" అని దిగడం మొదలుపెట్టాడు.