చెప్పు పట్టీ ఊడిన చోట

మా ఆయన ఉద్యోగం అడవి దారులకు మార్కులు వేయడం. బడిలో పంతులు పిల్లలకు వేసినట్టు ఈయన దారులకు వేస్తారు: సులువు, మధ్యస్థం, కష్టం. ఆ ముక్కే దారి మొదట్లో బోర్డు మీద రాస్తారు. జనం దాన్ని నమ్మి నడుస్తారు. ఇందులో పద్ధతి కూడా ఈయన పెట్టిందే. కొలిచే మనిషి చివరికంటా ఎక్కడా కూర్చోకుండా వెళ్ళగలిగితే అది సులువు. ఒకసారి కూర్చుంటే మధ్యస్థం, రెండోసారి కూడా కూర్చుంటే కష్టం. ఐదేళ్ళకోసారి మళ్ళీ నడిచి, కాగితం నింపి, సంతకం పెట్టాలి.

నేను దర్జీని. మనిషి దాచినా నా టేపు దాచదు. చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక, ఆయన ఛాతీ రెండంగుళాలు తగ్గింది. చొక్కాలన్నీ కుట్లు విప్పి బిగించాను. "ఉతికి ఉతికి గుడ్డ సాగింది, అంతే" అన్నారాయన. నాకే చెబుతారు గుడ్డ సంగతి!

ఈసారి ఊట దారి వంతు వచ్చింది. ఏటి పక్కనే చెట్ల నీడన సాగే దారి, ఆయన పాతికేళ్ళ కిందట తొలిసారి సులువని రాసిన దారి. "నడవలేకపోతే మొహమాటపడకండి, ఆఫీసులోనే పని ఇస్తాను" అన్నాడట అధికారి, పాపం మంచికే. ఆ మాటకు ఈయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. అడవికి పోకుండా కుర్చీలో కూర్చోవడమంటే ఆయనకు సగం ప్రాణం పోయినట్టే.

"నేనూ వస్తాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారైనా ఆ ఊట చూపించారా?" అని తగులుకున్నాను. ఊట మీద నాకేమంత మోజు లేదు. దారిలో ఒంటరిగా పడిపోతారేమోనని నా భయం.

పొద్దున్నే బయలుదేరాం. ఆయన చేతిలో పొడుగాటి పిడి ఉన్న కొలత చక్రం. అది మీటరుకోసారి టక్కుమంటుంది. ఎడమ పక్క ఏరు చప్పుడు లేకుండా పారుతోంది. కాళ్ళ కింద మెత్తగా ఆకులు, అక్కడక్కడా వేళ్ళు. నిజం చెప్పాలంటే సులువైన దారే. కానీ మిషను కుట్టీ కుట్టీ చప్పుడులో తేడా నాకిట్టే తెలుస్తుంది. టక్కు టక్కుమన్నది కాస్తా కొంతసేపటికి టక్కు... టక్కు... అయింది. చూద్దును కదా, ఆయన చక్రాన్ని నెట్టడం లేదు, దాని మీద వాలుతున్నారు.

"ఏమండీ, నా చెప్పు పట్టీ ఊడింది" అంటూ పడిపోయిన మాను మీద చతికిలబడ్డాను. కూర్చున్నాక గాని గుర్తురాలేదు, ఆ పూట నేను వేసుకొచ్చినవి పట్టీల్లేని బూట్లని. చేతులు అడ్డం పెట్టుకుని తెగ కష్టపడుతున్నట్టు నటించాను.

"మీరూ కూర్చోండి, ఆలస్యమయ్యేలా ఉంది."

"నువ్వు కూర్చో. నువ్వు కూర్చుంటే లెక్కలోకి రాదు" అని ఆయన అటు తిరిగి, ఏటిని చూస్తూ నిలబడే ఊపిరి తీసుకున్నారు. హమ్మయ్య, కాళ్ళ వంక చూడలేదు అనుకున్నాను.

రెండోసారి ముల్లు గుచ్చుకుందన్నాను.

"ఈ దారిలో ముళ్ళ చెట్లే లేవే!"

"నా అదృష్టం కొద్దీ ఒకటి మొలిచింది లెండి."

అప్పుడూ నిలబడే ఉన్నారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వేగను?

మూడోసారికి నా దగ్గర సాకులు అయిపోయాయి. ఆయన పెదవులు పాలిపోయాయి. మెడ మీద నరం కొట్టుకోవడం కనబడుతోంది. నాకు భయమేసింది, భయం కన్నా ముందు కోపం వచ్చింది.

"చాల్లెండి సంబడం! కూర్చోండి. ఇక్కడ చూసేవాళ్ళెవరు? కాగితం మీద సులువనే రాసుకోండి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నేను మాత్రం నోరు విప్పను."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. చక్రాన్ని చెట్టుకు ఆనించి, నేల మీదే కూర్చుని, తల మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. వీపు మీద చెయ్యి వేస్తే చొక్కా లోపల ఎముకలు తగిలాయి. నాకు కన్నీళ్ళాగలేదు.

ఊపిరి కుదుటపడ్డాక నెమ్మదిగా అన్నారు. "ఇక్కడ బల్లలు వేద్దామని అప్పట్లో ఆఫీసులో అడిగారు. సులువైన దారికి బల్లలు దండగ అని నేనే రాశాను. నా బోర్డు నమ్మి వచ్చి, ఎంతమంది ముసలాళ్ళు సగంలోంచి వెనక్కి పోయారో."

నేను లేచి చెయ్యి అందించాను.

ఊట అక్కడికి ఎంతో దూరం లేదు. బండ అడుగున బిందెడు గుంట. లోపల ఇసుక రేణువులు ఉడుకుతున్నట్టు ఎగురుతున్నాయి, వేలు పెడితే మాత్రం జివ్వున చల్లదనం. దోసిళ్ళతో తాగాం. ఆయన సంచిలోంచి కాగితం తీశారు. ఏం రాసినా నేను చూడనట్టే ఉండాలని అటు తిరిగి కూర్చున్నాను. ఆఫీసు కాగితాలు ఎన్నడూ చూపించని మనిషి, రాయడం అయ్యాక నా చేతికిచ్చారు.

"కూర్చున్నది: ఒకసారి. దారి: మధ్యస్థం." కింద సంతకం.

"ఇది చూస్తే మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడతారండీ."

"కూర్చోబెట్టనీ. కూర్చోవడం ఇవాళే నేర్చుకున్నాగా."

నవ్వారు. సంతకం కింద ఇంకా ఏదో ఉంది. మూడు బల్లలు వేయవలెనని, చక్రం చూపిన మీటర్లతో సహా, ఎదురుగా కారణాలు రాసి ఉన్నాయి.

"410: ఇచ్చట చెప్పు పట్టీ ఊడును.
790: ఇచ్చట ముల్లు గుచ్చుకొనును.
1160: ఇచ్చట మా ఆవిడ తిట్టును."

నా బూట్ల వంక చూసుకున్నాను. "ఎప్పుడు చూశారు?"

"ఊడిందన్నావుగా, అప్పుడే."

తిరిగి వచ్చేటప్పుడు ఆ మూడు చోట్లా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తిరుగు నడక లెక్కలోకి రాదట.