తోటమాలి పేరున్న కంపెనీ

మంత్రిగారి తోటమాలి గులాబీ కొమ్మలు కత్తిరించి ఇంటికొచ్చేసరికి, వాకిట్లో అవినీతి కేసులు చూసే ఆఫీసర్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. భార్య పగలబడి నవ్వుతోంది.

"ఏవయ్యా, నువ్వు కంపెనీ ఓనరువంట! నాకు చెప్పనేలేదే! ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీకీ మూడే కాళ్ళు. దాన్నైనా బాగుచేయించకపోయావా?"

పెద్దాఫీసరు నవ్వలేదు. ఒక కాగితం చూపించాడు. రోడ్ల కాంట్రాక్టుల్లో మంత్రిగారికి ముట్టిన లంచం తోటమాలి పేరున్న కంపెనీలోకి చేరి, భూములుగా మారి బయటికొచ్చిందట. అడుగున సంతకం అతనిదే.

తోటమాలి ఆ సంతకాన్ని వేలితో తడిమి చూశాడు.

పాఠకులారా, అతను చేసిన తప్పు ఇంతే. యాభై ఏళ్ళదాకా వేలిముద్ర వేసినవాడు, రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నాడు. ఆ ముచ్చట తీరక, మంత్రిగారి మేనేజరు "జీతం పెంపు కాగితాలు మావా" అన్నప్పుడల్లా, ఒక్కచోట పెట్టమంటే మూడుచోట్ల పెట్టాడు.

"రేపు పదింటికి వచ్చి వాంగ్మూలం ఇవ్వండి" అని ఆఫీసర్లు వెళ్ళిపోయారు.

గంట తిరక్కుండానే మేనేజరు కారు వచ్చి ఆగింది.

"కంపెనీ నాదేనని చెప్పు మావా. ఆర్నెల్లు లోపలుంటావు, ఇల్లు మేం చూసుకుంటాం. కాదంటావా... మీ అమ్మాయి నర్సు కదూ? ఆరింటి బస్సెక్కుతుంది. చేతిలో నీలం గొడుగు." ఆప్యాయంగా భుజం తట్టి మరీ వెళ్ళాడు.

భార్య నవ్వు ఎటుపోయిందో! కూతురు బస్సు దిగేదాకా ఇద్దరూ స్టాపులోనే నిలబడ్డారు. పక్కన ఎవరు దగ్గినా ఉలిక్కిపడ్డారు.

సంగతి విని కూతురి ముఖం పాలిపోయింది.

"నాన్నా, పోయిన వానల్లో మా ఆస్పత్రి దారిలో అంబులెన్సు బురదలో దిగబడి, ఓ నిండు చూలాలు అందులోనే పోయింది. వేయని ఆ రోడ్డు డబ్బే ఇది. కంపెనీ నాదని నువ్వంటే ఆ పాపం మనదే."

"నీకేమైనా అయితేనో తల్లీ?"

"భయమే నాన్నా. కానీ ఈసారి లొంగితే, రేపు ఇంకో కాగితం తెస్తారు."

మర్నాడు పదింటికి తోటమాలి ఆఫీసర్ల ముందు కూర్చున్నాడు. ఇచ్చిన నీళ్ళు సగం చొక్కా మీదే ఒలికాయి.

"కంపెనీ నాది కాదు సార్. మేనేజరు పెట్టించిన సంతకాలు. నిన్న బెదిరించాడు కూడా. ముందు మా అమ్మాయికి కాపలా పెట్టండి. అంతా చెప్తాను."

పెద్దాఫీసరు అప్పటికప్పుడే ఫోన్ చేసి కాపలా ఏర్పాటుచేశాడు. ఆ తర్వాత తోటమాలి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఈ ఒక్క మాట చెప్పేవాడు దొరక్క ఎన్ని కేసులు కొట్టుకుపోయాయో, పెద్దాయనా! పెద్దల నల్లడబ్బు పేదల పేర్ల చాటునే తెల్లబడుతుంది. వణుకుతూనైనా ఆ చాటు తొలగించాల్సింది మనమే."